రూపాయి రాని బస్సు కోసం రాత్రిళ్ళు మేలుకోవడం ఎందుకు?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మావాడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ రెండో సంవత్సరం. ఏడాదిగా కంప్యూటర్లో యూరో ట్రక్ అని ఒక లారీల ఆట పట్టుకున్నాడు. ఆడేది తక్కువ. అందులోకి మన ఆర్టీసీ సప్తగిరి బస్సు తయారుచేసి పెడతాడు. ఇప్పుడు తిరుమల ఘాట్ రోడ్డు కూడా కడతానంటున్నాడు. రాత్రి ఒంటిగంట దాకా అదే పని. చేసిందంతా ఊరికే ఇచ్చేస్తాడు. నూరో యాభయ్యో పెట్టి అమ్ముకోరా అంటే "అట్లా తీసుకోకూడదు నాయనా" అంటాడు. పోయిన నెల ఎవరో వాడి బస్సును తమ పేరుతో పెట్టుకున్నారని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. డబ్బు లేని పనికి ఇంత బాధ దేనికో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు డెబ్బై వేలు పెట్టి కొత్త లాప్‌టాప్ కొనమంటున్నాడు. ఇది గేముల పిచ్చా, చదువుకు పనికొచ్చేదా? లాప్‌టాప్ కొనాలా, వద్దా?

సమాధానం:

అయ్యా, "ఆడేది తక్కువ" అని మీరే రాశారు. ముందు ఆ మాట దగ్గర ఆగాలి. గేముల పిచ్చి ఉన్న పిల్లలు ఆడతారు. మీ అబ్బాయి ఆట లోపలి భాగాలు విప్పి, కొత్తవి చేసి బిగిస్తున్నాడు. దీన్నే మోడ్ చేయడం అంటారు. కంపెనీ అమ్మిన ఆటకు, దాన్ని కొనుక్కున్నవాళ్ళు సొంతంగా చేసే చేర్పులన్నీ మోడ్‌లే.

యూరో ట్రక్ సిమ్యులేటర్ 2ను ప్రాగ్ నగరంలోని ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ 2012 అక్టోబరులో విడుదల చేసింది. అందులో జర్మనీ రోడ్లున్నాయి, బ్రిటన్ రోడ్లున్నాయి, స్కానియా, వోల్వో లారీలున్నాయి. అలిపిరి లేదు, సప్తగిరి బస్సు లేదు. పుట్టి పెరిగిన ఊరు అందులో కనిపించదు, కానీ పెట్టుకునే దారి మాత్రం ఆ కంపెనీ తెరిచే ఉంచింది. మ్యాప్ ఎడిటర్ ఆటలోనే ఉంటుంది. బ్లెండర్ అనే ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చేసిన బొమ్మను ఆటలోకి పంపే ఉపకరణాలను కంపెనీయే ఉచితంగా ఇస్తుంది. "లేదు కదా, నేనే చేస్తే?" అనే ఆలోచనతోనే చాలామంది ఈ పనిలోకి దిగుతారు. దిగాక వదలకుండా పట్టుకునేది మాత్రం వేరు. అది చేసే పని ఎలాంటిదో చూస్తే తెలుస్తుంది.

ఒక బస్సు మోడ్‌లో ముందు ఆకారం తయారు కావాలి. తర్వాత ఆ ఆకారపు పైపొరను, నారింజ తొక్క ఒలిచి బల్ల మీద పరిచినట్టు, ఒక చదరపు బొమ్మగా విప్పాలి. రంగులు, పట్టీలు, బోర్డులు ఆ చదరం మీద వేస్తారు. చదరం కొలత 1024, 2048, 4096 ఇలా రెట్టింపు వరసలోనే ఉండాలి. 4096 పిక్సెళ్ళ చదరాన్ని కుదించకుండా పెడితే అదొక్కటే 64 ఎంబీల మెమరీ తింటుంది. డీఎక్స్‌టీ5 పద్ధతిలో కుదిస్తే 16 ఎంబీలు. దూరం నుంచి చూసినప్పుడు వాడే చిన్న ప్రతులు, అంటే మిప్‌మ్యాప్‌లు, వీటికి ఇంకో మూడో వంతు కలుపుతాయి. బరువు తగ్గుతుందని మిప్‌మ్యాప్‌లు తీసేస్తే దూరంగా వచ్చే బస్సు మీద గీతలన్నీ మిలమిలలాడుతూ కళ్ళకు పోటు పెడతాయి. కొత్తవాళ్ళ బస్సును చూసీచూడగానే గుర్తుపట్టేది దీనితోనే.

తర్వాత ఫైళ్ళ పని. ఈ ఆటలో ప్రతి వస్తువుకూ లోపల ఒక గుర్తింపు పేరుంటుంది. చుక్కల మధ్య వచ్చే ఒక్కో ముక్క 12 ఇంగ్లిషు అక్షరాలు దాటకూడదు. ఆర్టీసీ పూర్తి పొట్టిపేరుకు (ఏపీఎస్ఆర్టీసీ) ఇంగ్లిషులో 6 అక్షరాలు, మధ్యలో గీత ఒకటి, తిరుపతికి 8, మొత్తం 15. ఆట దాన్ని ఒప్పుకోదు. పెద్దక్షరాలు వాడినా కుదరదు. అన్నీ సరిచేసి జిప్ కట్టేటప్పుడు ఇంకో తప్పు జరుగుతుంది. మోడ్ వివరాలుండే మానిఫెస్ట్ అనే ఫైలు జిప్ తెరవగానే పైనే కనిపించాలి. ఫోల్డరు లోపలి వాటిని కాకుండా ఫోల్డరునే జిప్ చేస్తే మానిఫెస్ట్ ఒక మెట్టు కిందికి పోతుంది. అప్పుడు మోడ్ జాబితాలో ఫైలు పేరు కనిపించినా ఆటలో ఏమీ మారదు. ఎందుకో తెలియాలంటే డాక్యుమెంట్స్‌లో ఆట ఫోల్డరుకు వెళ్ళి గేమ్ లాగ్ ఫైలు తెరిచి, ఎర్రర్ అని రాసున్న వరసలు ఒక్కొక్కటే చదువుకోవాలి. రాత్రి ఒంటిగంట దాకా మీవాడు చేస్తున్నది చాలావరకు ఇదే అయ్యుంటుంది.

తెలుగు అక్షరాలది మరో తంటా. ఈ ఆట మెనూల్లో తెలుగు లేదు. కానీ బస్సు నుదుటి బోర్డు బొమ్మలో భాగమే కాబట్టి అక్కడ తెలుగు రాసుకోవచ్చు. తిరుమల అని రాస్తే ఇబ్బంది రాదు, ఒత్తు లేదు. చిత్తూరు అని రాస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తు విడిపోయి "చిత్‌తూరు" అవుతుంది. శ్రీకాళహస్తి, పల్లె వెలుగు, అన్నిటికీ అదే గతి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఎంపిక పెట్టి, సాఫ్ట్‌వేర్ మూసి తెరవాలి. ఇంక్‌స్కేప్, జింప్ ఉచితం, వాటిలో ఒత్తులు మామూలుగానే కుదురుతాయి. రామభద్ర, మండలి వంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి కాబట్టి మోడ్‌లో వాడినా ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఆటలో పరాయి దేశపు రోడ్డు మీద ఒత్తు చెదరకుండా చిత్తూరు అని రాసున్న బస్సు వెళ్తుంటే ఆ పిల్లవాడికి కలిగే సంతోషం చిన్నది కాదు. మీరూ ఒకసారి చూపించమని అడగండి.

ఘాట్ రోడ్డు సంగతి ఇంకా పెద్దది. బహుశా వాడిప్పుడు దాని దగ్గరే చిక్కుపడి ఉంటాడు. ఈ ఆటలో ఊళ్ళ మధ్య దూరాలు 19కి 1 వంతున కుదించి ఉంటాయి. 1944లో తెరిచిన, ఇప్పుడు దిగడానికి వాడుతున్న మొదటి ఘాట్ రోడ్డు సుమారు 19 కిలోమీటర్లు. లెక్క ప్రకారం ఆటలో అది ఒక్క కిలోమీటరు అవుతుంది. కానీ బస్సు కుదించుకోదు, రోడ్డు వెడల్పు కుదించుకోదు, హెయిర్‌పిన్ మలుపుకు కావలసిన చోటూ తగ్గదు. ఆ మలుపులన్నీ కిలోమీటరులో పట్టవు. ఎత్తు కూడా అంతే. తిరుపతికీ తిరుమలకూ తేడా దాదాపు 700 మీటర్లు. కిలోమీటరు రోడ్డులో అంత ఎత్తు ఎక్కాలంటే అది గోడే. నూటికి 8 మీటర్ల వాలు పెట్టుకున్నా దగ్గర దగ్గర 9 కిలోమీటర్ల రోడ్డు కావాలి. అందుకని రోడ్డు కట్టేవాడు ఏది ఉంచాలో, ఏది వదిలేయాలో తేల్చుకోవాలి. జనానికి బాగా గుర్తుండే నాలుగైదు మలుపులు, అలిపిరి టోల్‌గేటు, లోయలో ఊరు కనిపించే ఒక చోటు ఉంచి, ఎత్తును మూడో వంతుకు దించుకోవడం మా సలహా. పైకీ కిందికీ వేరువేరు రోడ్లు కాబట్టి (ఎక్కే రోడ్డు 1974లో వచ్చింది) ముందు దిగేది ఒక్కటే పూర్తి చేయమనండి. రెండూ ఒకేసారి మొదలుపెట్టినవాళ్ళు ఒకటీ ముగించలేరు. ఇంకో మాట: కొండ మీద బస్టాండుతో ముగించమనండి. మాడవీధుల్లోకి లారీ తోలే అవకాశం ఇచ్చే మ్యాప్ మనవాళ్ళ మనసు నొప్పిస్తుంది. మోడ్ ఒకసారి బయటికి పోయాక ఎవరెలా వాడతారో చేసినవాడి చేతుల్లో ఉండదు.

ఇక మీ అసలు ప్రశ్న. ఇంత కష్టపడి ఊరికే ఎందుకు ఇవ్వాలి?

ఒంటరిగా ఎవరూ మోడ్ పూర్తి చేయలేరు కాబట్టి. మీవాడు బస్సుకు వాడిన టెంప్లేట్, అంటే ముందే చేసిపెట్టిన నమూనా, ఇంకొకరు ఇచ్చి ఉంటారు, చక్రాలు మరొకరివి, సీట్లు వేరొకరివి. 12 అక్షరాల నియమం ఎవరో చెప్తేనే తెలిసి ఉంటుంది. అలా తీసుకున్నవాడు తాను చేసినది దాచుకుంటే తర్వాతివాడికి దారి మూసుకుపోతుంది. రెండో కారణం పని నాణ్యత. తన కంప్యూటర్లో బాగానే తిరిగే బస్సు ఇంకొకరి దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే వాళ్ళ మెమరీ తక్కువ, లేదా వాళ్ళు పెట్టుకున్న ఇంకో మోడ్ అదే ఫైలును మారుస్తోంది. వందమంది చేతుల్లో పడితే తప్ప ఆ లోపాలు బయటికి రావు. మూడోది, అన్నిటికంటే బలమైనది: పని తెలిసినవాళ్ళు మెచ్చుకోవడం. "బస్సు బాగుంది" అంటే వాడికి పెద్దగా పట్టదు. "వెనక దీపం సరిగ్గా అదే, పాత మోడల్‌ది" అని ఒక్కరంటే ఆ నెల కష్టమంతా తీరిపోతుంది. అలా అనగలిగేవాళ్ళు దేశంలో ఏ కొద్దిమందో ఉంటారు, వాళ్ళకు చేరాలంటే పంచాల్సిందే. మీవాడి బస్సును ఇంకొకరు తమ పేరుతో పెట్టుకుంటే అన్నం దిగకపోవడానికి కారణమూ ఇదే. డబ్బు లేని పనిలో పేరే కూలి, దాన్నే లాక్కున్నారు. "పోనీలేరా, ఊరికే ఇచ్చిందేగా" అని మాత్రం అనకండి.

కంపెనీలు దీన్ని ఎందుకు రానిస్తాయంటే, ఆట ఆయుష్షు పెరుగుతుంది. 1993లో డూమ్ ఆట చేసినప్పుడు ఐడీ సాఫ్ట్‌వేర్‌లోని జాన్ కార్మాక్ బొమ్మలు, మ్యాపుల ఫైళ్ళను అసలు ప్రోగ్రాముకు విడిగా ఉంచాడు. అసలు ఆట చెడకుండా ఎవరైనా కొత్త మ్యాపులు చేర్చుకునే వీలు దాంతో కలిగింది. 1999లో మిన్ లె, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు హాఫ్‌లైఫ్ ఆటకు చేసిన మోడే కౌంటర్ స్ట్రైక్. మరుసటి ఏడాదే వాల్వ్ సంస్థ దాన్ని కొనుక్కుని వాళ్ళకు ఉద్యోగాలిచ్చింది. మీరు పేరు వినే ఉంటారు, పబ్‌జీ. దాన్ని రూపొందించిన బ్రెండన్ గ్రీన్ ముందు చేసింది ఒక మోడ్ మీద మోడ్: ఆర్మా 2 ఆటకు డేజీ అనే మోడ్ ఉంటే, దాన్ని మార్చి తన పద్ధతి తయారుచేశాడు. ఇవి నిజాలే గానీ వీటిని చూసి మీవాడి మీద ఆశలు పెంచుకోవద్దు. మోడ్ చేసేవాళ్ళలో ఇలా కొనుగోలు దాకా వెళ్ళేవాళ్ళు చాలా అరుదు. ఆ ఆశతో చేసేవాళ్ళు సాధారణంగా త్వరగా విసిగి మానేస్తారు.

అమ్ముకోమని మీరన్నది తప్పు ఆలోచనేమీ కాదు, తండ్రిగా అనాల్సిందే. అయితే మీవాడు చెప్పిన జవాబు సరైనది. ఆట కంపెనీవి, ముక్కలు నలుగురివి. చాలా ఆటల లైసెన్సు ఒప్పందాలే మోడ్ అమ్మకాన్ని ఒప్పుకోవు. 2015 ఏప్రిల్‌లో స్కైరిమ్ ఆటకు డబ్బు పెట్టి కొనే మోడ్‌లను వాల్వ్, బెథెస్డా సంస్థలు మొదలుపెట్టాయి. చేసినవాడికి దక్కేది నూటికి 25. ఒక చేపల మోడ్ ఇంకొకరి ఉచిత మోడ్ మీద ఆధారపడి ఉందని తేలి దాన్ని తీసేయాల్సి వచ్చింది. గోల పెద్దదై వారం తిరక్కముందే మొత్తం పథకాన్నే ఎత్తేశారు. మీవాడికి డబ్బు కావాలనుకుంటే ఒక దారి ఉంది: మొత్తం తానే చేసిన త్రీడీ వస్తువులను, ఏ ఆటకూ చెందని వాటిని, విడిగా అమ్ముకోవచ్చు. ఆర్టీసీ గుర్తు ఉన్న బస్సును మాత్రం కాదు. ఊరికే అభిమానంతో చేసిన చోట ఎవరూ పట్టించుకోని గుర్తు, అమ్మకం మొదలైతే తగాదా తెస్తుంది.

దొంగతనం విషయంలో చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. బ్లెండర్ అసలు ఫైళ్ళు, పొరలు విడివిడిగా ఉన్న రంగుల ఫైళ్ళు ఎవరికీ ఇవ్వకుండా దాచుకోవాలి. ఎవరి పని అని తేలాల్సి వస్తే సాక్ష్యం అవే. ప్రతి విడుదలతో ఒక చిన్న వివరాల ఫైలు పెట్టాలి: ఏ ముక్క ఎవరిది, ఎవరి అనుమతితో, ఇంకొకరు వాడాలంటే ఏం చేయాలి. బస్సు రంగుల్లో కంటికి ఆనని చోట, చక్రం గూడు లోపలో సీటు అడుగునో, తన సంతకం చిన్నగా వేసుకోవచ్చు. ఎవరైనా ఎత్తుకుపోతే వాళ్ళతో మాటల యుద్ధానికి దిగకుండా, ఫైలు ఉన్న సైటులో కాపీరైటు ఫిర్యాదు ఫారం నింపి, పాత తేదీలున్న ఫైళ్ళ చిత్రాలు జతచేయాలి. కొందరు కోపంతో తమ మోడ్‌లో ఉచ్చు పెడతారు, అనుమతి లేనివాళ్ళు వాడితే ఆట ఆగిపోయేలా. అది వద్దు, అమాయకులు దెబ్బతింటారు. ఇవన్నీ చేసే ముందు మీవాడు తన బస్సులోని ప్రతి ముక్క తాను అడిగి తీసుకున్నదేనా అని ఒకసారి చూసుకోవాలి. అడగకుండా వాడినది ఉంటే ఫిర్యాదు నిలవదు.

రాత్రి జాగరణ మాత్రం ఆపించాల్సిందే, ఇందులో మేము మీ పక్షమే. దానికి మూలం తెలిస్తే ఆపడం తేలిక. ఆట కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పాత మోడ్‌లు కొన్ని పనిచేయవు. 1.37 వెర్షన్‌లో శబ్దాల పద్ధతి మొత్తం ఎఫ్‌మోడ్ అనే శబ్దాల సాఫ్ట్‌వేర్‌కు మారితే పాత ఇంజన్ శబ్దాలన్నీ మళ్ళీ కట్టుకోవాల్సి వచ్చింది. అప్పుడు వాడుకునేవాళ్ళు "ఎప్పుడు అప్‌డేట్ చేస్తావ్" అని వరసగా అడుగుతారు. ఆ ఒత్తిడే పిల్లల్ని కూర్చోబెడుతుంది. మోడ్ పేరు పక్కనే "ఫలానా వెర్షన్ వరకే పరీక్షించాను, తర్వాతిది సెమిస్టర్ పరీక్షల తర్వాత" అని రాసి పెడితే ఎవరూ తప్పుపట్టరు. కొత్త వెర్షన్ వచ్చిన మొదటి వారం అసలు ముట్టుకోకపోవడం మేలు, కంపెనీయే ఆ వారంలో ఇంకా సరిదిద్దుతూ ఉంటుంది. రాత్రి పదిన్నర తర్వాత చేసిన ఫైళ్ళ పనిలో తప్పులే ఎక్కువ, వాటిని దిద్దడానికి మర్నాడు పడుతుంది. ఈ మాట చదువు పేరుతో కాకుండా పని పేరుతో చెబితే వింటాడు.

చదువుకు పనికొస్తుందా అన్నారు. త్రీడీ ఆకారం చేయడం నేరుగా పెద్దగా రాదు. బ్లెండర్‌లో చేసేది చూడటానికి బస్సులా ఉంటే చాలు. మెకానికల్ వాళ్ళకు కావలసిన క్యాడ్‌లో, అంటే కంప్యూటర్లో యంత్రభాగాలు గీసే పనిలో, ప్రతి కొలతా కచ్చితంగా ఉండి, ఒకటి మారిస్తే మిగతావి మారాలి. రెండూ వేరు, క్యాడ్ విడిగా నేర్చుకోవాల్సిందే. కానీ ఆట లోపల ఇంజన్, గేర్‌బాక్స్ ఫైళ్ళు అచ్చంగా వాడి సిలబస్సే. ఏ వేగంలో ఎంత టార్క్ (తిప్పే బలం), ప్రతి గేరు నిష్పత్తి, డిఫరెన్షియల్ నిష్పత్తి, అన్నీ అంకెలుగా రాసి ఉంటాయి. డిఫరెన్షియల్ 5, టాప్ గేరు 1, టైరు చుట్టుకొలత 3.15 మీటర్లు అనుకుందాం. ఇంజన్ నిమిషానికి 1500 సార్లు తిరిగితే చక్రం 300 సార్లు తిరుగుతుంది, అంటే నిమిషానికి 945 మీటర్లు, గంటకు 56.7 కిలోమీటర్లు. ఆటలో స్పీడోమీటరు అదే చూపిస్తోందా అని వాడినే లెక్క కట్టి చూపమనండి. నిండు బస్సు ఘాట్ ఎక్కుతుంటే రెండో గేరు ఎందుకు కావాల్సొస్తుందో పుస్తకంలో కంటే ఇక్కడ త్వరగా ఎక్కుతుంది. బస్సు ఫొటోలు, ఇంజన్ శబ్దం కావాలంటే బస్టాండులో బయటి నుంచి తీసుకోవచ్చు. డిపో లోపలికైతే డిపో మేనేజరును అడిగే వెళ్ళాలి.

ఒక జాగ్రత్త మీ ఇద్దరికీ. ఈ ఆట మోడ్‌లు ఎప్పుడూ డాట్ ఎస్‌సీఎస్ లేదా జిప్ ఫైళ్ళే. డౌన్‌లోడ్ చేసిన దానిలో డాట్ ఈఎక్స్‌ఈ, అంటే తెరవగానే నడిచే ప్రోగ్రాము, కనిపిస్తే తెరవకుండా తీసేయాలి. ఫోనులో ఇండోనేషియా బస్సు ఆట ఆడే తమ్ముళ్ళుంటే మోడ్ పేరుతో వచ్చే ఏపీకే (ఫోనులో యాప్ ఎక్కించే) ఫైళ్ళతోనూ అంతే.

లాప్‌టాప్ విషయం. ఇప్పుడే కొనకండి, ముందు ఇరుకు ఎక్కడుందో చూడండి. మీవాడు ఆట, బ్లెండర్ రెండూ తెరిచి పనిచేస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ చూడండి. మెమరీ నూటికి 90 దాటి ఉంటే ర్యామ్ చాలడం లేదు. అదే పేజీలో ఎన్ని స్లాట్లు వాడారో ఉంటుంది, ఖాళీ ఉంటే మొత్తం 16 జీబీ అయ్యేలా వేయించుకుంటే సరిపోతుంది. కొన్ని మోడళ్ళలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, షాపులో ముందే అడగండి. డిస్క్ ఎప్పుడూ 100 చూపిస్తూ, అది పాత హార్డ్ డిస్క్ అయితే దాని చోట ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్క్ వేయించండి. పావుగంట తర్వాతే నెమ్మదిస్తుంటే అది వేడి. ఫ్యాను దుమ్ము దులిపించి, ఎండాకాలం కింద గాలి ఆడేలా ఎత్తు పెట్టాలి. ఇవేవీ కాకుండా గ్రాఫిక్స్ ఒక్కటే 100 దగ్గర నిలబడి ఉంటే లాప్‌టాప్‌లో దాన్ని మార్చడం కుదరదు, కొత్తది కొనక తప్పదు. అప్పుడైనా వాడి పాత ఫైళ్ళన్నీ రెండు వేరువేరు డ్రైవుల్లోకి ఎక్కించాకే పాతదాన్ని అమ్మండి.